గుండు కూర్చున్న లోతు

“కొలత తప్పలేదు మాస్టారూ. తప్పింది మీ కుర్రాడి చెయ్యి.”

“బారెల్లో గుండు బిగుసుకుని కనపడుతుంటే ఇంకా కొలత తప్పలేదంటారేంటండీ?”

“కనపడుతోంది కాబట్టే అంటున్నా. బారెల్ తుడవడు. బోల్టు వెయ్యమంటే పల్లెవెలుగు బస్సు తలుపేసినట్టు వేస్తాడు. వాడి మోటుతనానికి నా వెర్నియర్ ఏం చేస్తది?”

ఆ కుర్రాడు కిటికీ బయటే ఉన్నాడు. బాపట్ల రైఫిల్ క్లబ్బు గది వెనక, సరుగుడు చెట్ల నీడలో, ఖాళీ రైఫిల్ సంచి భుజాన వేసుకుని వంశీకృష్ణ ప్రతి మాటా విన్నాడు. లోపలికి వెళ్లి కాలరు పట్టుకోవాలన్నంత కోపం వచ్చింది. ఆ కాలరు తను బాబాయ్ అని పిలిచే మనిషిది కాబట్టి ఆగాడు.

గొడవకు కారణం ఆ ఆదివారం పొద్దున జరిగింది. వంశీ తూటా ఎక్కించి, వెనక గడియలాంటి బోల్టు మూసి, గురి చూస్తున్నాడు. ఇంతలో ఎవరిదో గేదె గురిబల్లల వెనక ఇసకదిబ్బ మీదికి ఎక్కింది. కాల్పులు ఆపమని విజిల్ పడింది. విజిల్ పడితే తూటా బయటికి తీసెయ్యాలి. బోల్టు వెనక్కి లాగితే ఇత్తడి గొట్టం ఒక్కటే వచ్చింది. దాని మూతిలో ఉండాల్సిన గుండు బారెల్లోనే ఉండిపోయింది. గొట్టంలోని తుపాకి మందు ఆవాలు ఒలికినట్టు రైఫిల్లో ఒలికింది. గేదె రాకుండా ఉంటే వంశీ ఆ తూటాని పేల్చేవాడే. గుండు అలా బిగుసుకుని ఉన్నప్పుడు పేలిస్తే లోపలి ఒత్తిడి ఎంతకు పెరుగుతుందో ఎవరూ చెప్పలేరు. రైఫిల్ వెనక ఉండేది మనిషి ముఖం.

క్లబ్బు కార్యదర్శి దేవసహాయం మాస్టారు ఎప్పుడూ గొంతు పెంచడు. బడిలో నలభై ఏళ్లు డ్రిల్లు చేయించిన మనిషి కాబట్టి, విజిల్ ఉండగా అరవడం దేనికంటాడు. ఆ రోజు మాత్రం ఆయన గొంతు కిటికీ దాటి బయటికి వచ్చింది. తూటాలు సొంతంగా నింపుకోవడానికి క్లబ్బుకి అనుమతి ఉంది. ఆ అనుమతి ఆయన పేరు మీదే ఉంది. చివరికి ఆయన ఒక మాట తేల్చేశాడు. వచ్చే ఆదివారం కమిటీ కూర్చుంటుంది. తప్పు కుర్రాడిదైతే పోటీల జట్టులోంచి అతని పేరు తీసేస్తారు. తప్పు తూటాదైతే, వాటిని నింపే ఆంజనేయులు చేత ఆ పని మానిపిస్తారు.

“ఇద్దరిలో ఒకరండీ,” అన్నాడు మాస్టారు. “ఇద్దర్నీ కాపాడటం నా వల్ల కాదు.”

వంశీకి ఈ లోకంలో మిగిలింది ఆ జట్టు ఒక్కటే. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో వదిలేశాడు. దానికి కారణం అడిగిన వాళ్లందరికీ ఒకే జవాబు చెబుతాడు, నచ్చలేదని. చెరుకుపల్లిలో ఎరువుల కొట్టు వాళ్ల ఆటో తోలుతున్నాడు. ఏ పనిలోనూ కుదురు లేదన్న పేరు ఇంట్లో, ఊళ్లో, చివరికి ఎరువుల కొట్టులో కూడా స్థిరపడిపోయింది. రైఫిల్ వెనక పడుకున్న ఆ కాసేపే అతని కాళ్లు ఊగడం మానేస్తాయి. శనివారం సాయంత్రం బారెల్ తుడిచిన సంగతి అతనికి బాగా గుర్తుంది. అయినా ఆ మనిషి అంత ధాటిగా అంటుంటే, నిజంగా తుడిచానా అని తన మీద తనకే అనుమానం వచ్చింది. అదే ఎక్కువ మండింది.

ఆ మనిషి పేరు సీతారామాంజనేయులు. సొంతూరు భట్టిప్రోలు. తండ్రి రైసుమిల్లులో ఫిట్టరు. ఇంటర్ తప్పాక సైన్యంలో చేరి, ఎక్కడో చలిప్రాంతంలో తుపాకులు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసి, పింఛనుతో వచ్చి తెనాలి చెంచుపేటలో లేత్ మిషన్ పెట్టుకున్నాడు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మోటారు షాఫ్టులు, కోత మిషన్ల బుష్షులు చేస్తాడు. పిల్లలు లేరు. ఆయనా, భార్య శివపార్వతీ ఇద్దరే.

నెమ్మది మనిషి కాదు. తన పని గురించి తానే చెప్పుకుంటాడు, అదీ గట్టిగా. హోటల్లో దోసె వస్తే అంచు మందం గురించి వంటవాడితో వాదం పెట్టుకుంటాడు. పొరుగింటాయన గోడ కట్టిస్తుంటే అడగకుండానే వెళ్లి తూకపు గుండు పట్టి, వంకరని చెప్పి, ఆయనతో మాటలు పోగొట్టుకున్నాడు. తప్పు ఒప్పుకున్నట్టు ఆయన గురించి తెనాలిలో ఎవరూ చెప్పరు. కానీ క్లబ్బు వాళ్లు తూటా విషయంలో ఆయన్ని కాదని ఇంకొకర్ని నమ్మరు. ప్రతి ఆదివారం పొద్దున్నే తన కొలత సామాను పెట్టె పట్టుకుని బాపట్ల వెళతాడు. మందు, గుళ్లు, ఖాళీ గొట్టాలు క్లబ్బు ఇనప్పెట్టె దాటి బయటికి రావు. మాస్టారి కళ్ల ముందే నింపుతాడు.

గుండుని గొట్టంలోకి ఎంత లోతుకు దించాలన్నదే ఆ పనిలో అసలు కిటుకు. బారెల్ లోపల మెలితిరిగిన గాళ్లు, అంటే సన్నటి చాళ్లు, ఉంటాయి. గుండు ఆ గాళ్లకు తగలకుండా, మరీ దూరమూ కాకుండా, వెంట్రుక వాసిలో ఆగాలి. ఒక్కో రైఫిల్‌కి ఆ చోటు ఒక్కోలా ఉంటుంది. అందుకని ఆంజనేయులు ఒక్కో రైఫిల్‌కి, గుండు సరిగ్గా గాళ్లను తాకేంత పొడుగుతో, మందు లేని డమ్మీ తూటా ఒకటి చేసి తన కొలత సామాను పెట్టెలో పెట్టుకున్నాడు. దాన్ని నిలబెట్టి, గుండు సన్నబడటం మొదలయ్యే భుజం మీద తాను చేసిన ఇత్తడి ఉంగరం దించి, వెర్నియర్ పట్టి, అడుగు నుంచి ఉంగరం దాకా కొలుస్తాడు. గుండు ముక్కు దగ్గర కొలిచేవాణ్ణి మంగలి కత్తితో కొబ్బరికాయ కొట్టేవాడంటాడు. ముక్కులు ఏ రెండూ ఒక్కలా ఉండవు, భుజాలు ఉంటాయి. ఆ డమ్మీ కొలతకు కాస్త పొట్టిగా అసలు తూటాలు తయారుచేస్తాడు. అంటే డమ్మీ నిజం చెబితే అన్నీ నిజం. అది అబద్ధమాడితే అన్నీ అబద్ధమే.

మర్నాడు మధ్యాహ్నం వంశీ ఎరువుల బస్తాలు దించాల్సిన చోట దించేసి, తనకు జ్వరమని కొట్టు యజమానితో చెప్పి, తన మోటారు బండి తీసుకుని తెనాలి వెళ్లాడు. దెబ్బలాడటానికే వెళ్లాడు. దారి పొడవునా మాటలు పేర్చుకున్నాడు.

కొట్టు ముందు శివపార్వతి స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వేసవిలో ఆంజనేయులు చూపుడువేలు లేత్ మీద గిర్రున తిరిగే చక్కులో పడి కొస తెగింది. అప్పటినుంచీ ఆవిడ ఇంటిపనంతా కొట్టు గడపలోనే చేసుకుంటోంది. మిషన్ తిరుగుతున్నంతసేపూ కళ్లు ఆయన చేతుల మీదే ఉంటాయి. బియ్యం ఏరినా, ఫోను మాట్లాడినా అంతే.

“రా వంశీ. ఏంటి ఆ మొహం?” అంది. “మీ బాబాయ్ కూడా నిన్నటినుంచి అన్నం సరిగ్గా తినట్లేదు. ఇద్దరూ కలిసి ఏం వెలగబెట్టారక్కడ?”

ఏం లేదు పిన్నీ అన్నాడు వంశీ. ఆవిడ నమ్మలేదు. మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్లింది.

ఆంజనేయులు లేత్ ఆపాడు గానీ తల తిప్పలేదు. వంశీ నేరుగా అడిగేశాడు. బారెల్ తుడవలేదని ఏ కళ్లతో చూశారు, చూడకుండా అంత మాట ఎలా అన్నారు, జట్టులోంచి నా పేరు పోతే మీకేం ఒరుగుతుంది అని. ఆంజనేయులు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, నా చేతిలో ఇన్నేళ్లుగా జరగనిది నీ చేతిలోకి రాగానే జరిగింది, లెక్క నువ్వే చూసుకో అన్నాడు.

“అయితే కొలవండి,” అన్నాడు వంశీ. “నా ముందు కొలవండి.”

ఆయనకు రోషం వచ్చింది. చెక్కపెట్టె తెచ్చి బల్ల మీద ధడాలున పెట్టి మూత తీశాడు. లోపల డమ్మీలు వరసగా ఉన్నాయి. దసరాకి పూజ చేసిన గుర్తుగా వెర్నియర్ తోక మీద పసుపు, కుంకుమ బొట్టు ఇంకా ఉంది. లేత్ హ్యాండిల్ మీదా, సుత్తి మీదా ఉంది. ఆయుధపూజ బొట్టు ఆ ఇంట్లో ఎవరూ తుడవరు. దానంతట అది అరిగిపోవాలి గానీ మనం చెరపకూడదన్నది వాళ్ల ఇంటి పద్ధతి.

వంశీ క్లబ్బు రైఫిల్ డమ్మీ తీసి తలకిందులు చేశాడు. అడుగున చదునుగా ఉన్న ఇత్తడి బిళ్ల మీద పసుపు ముద్ద ఎండి పెచ్చు కట్టి ఉంది. మధ్యలో కుంకుమ చుక్క.

అర్థం కావడానికి అతనికి ఒక్క క్షణం పట్టింది. ఆంజనేయులుకి ఆ క్షణం కూడా పట్టలేదు.

ఆయన డమ్మీ లాక్కుని ఉంగరం దించి కొలిచాడు. తర్వాత బొటనవేలి గోటితో పెచ్చు గీరేశాడు. మళ్లీ కొలిచాడు. రెండు కొలతల మధ్య తేడా, గుండు గాళ్లకు దూరంగా ఆగడానికీ గాళ్లలో దిగబడటానికీ ఉన్నంత తేడా. పసుపు మందమే డమ్మీని పొడుగు చేసింది. ఆ పొడుగుని నమ్మి ఆయన తూటాలు పొడుగ్గా నింపాడు. మూసిన బోల్టు గుండుని గాళ్లలోకి తోసింది.

“ఇన్నేళ్ల నుంచీ పూజ చేస్తున్నారుగా. ఇప్పుడే ఎందుకు...” అంటూ వంశీ గొంతు పెంచబోయాడు. ఆంజనేయులు అతని మణికట్టు పట్టుకున్నాడు. కొస తెగిన వేలు తప్ప మిగతావన్నీ ఉక్కులా ఉన్నాయి.

అప్పుడే శివపార్వతి మజ్జిగ గ్లాసులతో వచ్చింది. తెరిచి ఉన్న పెట్టె చూసి ఆవిడ ముఖం విప్పారింది. ఏటా పెట్టె మూత మీద ఒక్క బొట్టు పెట్టి ఊరుకునేదాన్ననీ, వేలు తెగాక ఈ సారి అలా వదలదలచుకోలేదనీ, ఆయన నిద్రలో ఉండగానే పెట్టె తెరిచి ప్రతి ముక్కకీ విడివిడిగా పెట్టాననీ వంశీకి చెప్పుకొచ్చింది. “ఆ మొనల మీద బొట్టు నిలిచి చావదురా. బోర్లించి పెట్టా. బొట్టుకి చదునుగా ఉన్న చోటు అడుగొక్కటేగా,” అని నవ్వింది.

ఆంజనేయులు గీరిన పసుపు పొడిని అరచేత్తో మెల్లగా బల్ల కిందికి తోసేశాడు. మజ్జిగ మొత్తం తాగి, గ్లాసు ఆవిడ చేతికిచ్చి, బాగుంది, ఉప్పు సరిపోయింది అన్నాడు. వంశీకి దెబ్బలాడే ఓపిక ఎటు పోయిందో తెలియలేదు.

ఆవిడ లోపలికి వెళ్లగానే ఆంజనేయులు ఒక్కో డమ్మీ తిప్పి చూడటం మొదలుపెట్టాడు. ప్రతి దానికీ అడుగున బొట్టుంది. ఒకదాని దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది.

“టీచరమ్మది,” అన్నాడు.

ఫ్లోరెన్స్ రేపల్లెలో హైస్కూలు టీచరు. సొంత రైఫిల్ ఉంది. క్లబ్బు రైఫిల్‌వి కాక దసరా తర్వాత ఆయన నింపినవి ఆమె తూటాలొక్కటే. లైసెన్సు ఉంది కాబట్టి ఆమె వాటిని ఇంటికి తీసుకెళ్లింది. పోటీలు దగ్గర పడ్డాయని బడి వదిలాక బాపట్ల వెళ్లి సాధన చేస్తోంది. వంశీ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మాస్టారికి చేస్తే ఆయన ఫోను ఆపేసి ఉంది.

ఆంజనేయులు ఉంగరం, వెర్నియర్, గీరి శుభ్రం చేసిన ఆమె డమ్మీ చేతిసంచిలో వేసుకుని, షాఫ్టు ఇచ్చి వస్తానని లోపలికి ఒక కేక వేసి, వంశీ బండి ఎక్కాడు. వేమూరు మీదుగా రేపల్లె దారి పట్టారు. రెండు వైపులా వరి పొట్ట మీద ఉంది. రోడ్డు వానకి గుంతలు పడి ఉంది. గుంత వచ్చినప్పుడల్లా వంశీ నెమ్మదిస్తే, పోనీరా పోనీ అని వెనక నుంచి వీపు మీద పొడుస్తున్నాడు. ఆయన ఊపిరి వంశీ మెడకు తగులుతోంది. భయపడ్డ మనిషి ఊపిరి అలా ఉంటుందని వంశీకి అంతకుముందు తెలియదు.

వాళ్లు వెళ్లేసరికి ఫ్లోరెన్స్ రైఫిల్ సంచి భుజానికి తగిలించుకుని గేటుకి గొళ్లెం పెడుతోంది. ఆంజనేయులు బండి ఆగకముందే దిగబోయి తూలాడు.

లోపల అన్నం తినే బల్ల మీద ఆమె తూటాలు పరిచింది. ఆయన ఒకటి తీసి నిలబెట్టాడు. ఉంగరం దించుతుంటే వెర్నియర్ చేతిలోంచి జారింది. వంశీ దాన్ని పట్టుకుని మళ్లీ ఆయన చేతిలో పెట్టాడు. మొదటిది పొడుగు. రెండోది పొడుగు. ఆ తర్వాత ఆయన కొలవలేదు. అన్నీ పొడుగేనని ముగ్గురికీ తెలిసిపోయింది.

“పిల్లలు ఇప్పటికే నన్ను తుపాకీ టీచరంటారు అన్నయ్యగారూ,” అంది ఫ్లోరెన్స్, కుర్చీలో కూలబడుతూ. “ఒంటికన్ను టీచర్ని కూడా చేద్దామనుకున్నారా?”

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా.

ఆమె లైసెన్సు మీద ఉన్న తూటాల్ని వీళ్లు పట్టుకెళ్లకూడదు. డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, మర్నాడే క్లబ్బులో అప్పగించమని ఆంజనేయులు చెప్పాడు. ఎక్కడ తప్పిందండీ అని ఆమె అడిగింది. ఆయన వెర్నియర్ సంచిలో సర్దుకోసాగాడు. ఆమె వంశీ వైపు చూసింది. నోటికి ఏది వస్తే అది అనేసే వంశీ గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

అప్పటికి మాస్టారి ఫోను కలిసింది. ఆంజనేయులు ఆమె వరండాలోకి వెళ్లి, వంశీని కూడా రమ్మని సైగ చేసి, స్పీకరు పెట్టి మాట్లాడాడు.

“తప్పు నాదే మాస్టారూ. డమ్మీ అడుగు తుడవకుండా కొలిచా. కుర్రాడి చేతిలో ఏం లేదు. టీచరమ్మవి కూడా పొడుగే, పేల్చొద్దని చెప్పా.”

మాస్టారు, అడుగున ఏం ఉందండీ అని అడిగాడు.

ఆంజనేయులు పెదాలు తడుపుకున్నాడు. “మురికి,” అన్నాడు.

ఆ మాట అనడానికి ఆయన పడిన కష్టం చూసి వంశీ తల పక్కకు తిప్పుకున్నాడు. మాస్టారు బాధగానే చెప్పాడు. ఒక కుర్రాడి విషయమైతే ఎలాగో సర్దేవాణ్ణేమో గానీ, ఇద్దరికి ఇచ్చిన తూటాలు ఇలా ఉంటే కమిటీ దాకా ఆగేది లేదు. ఈ ఆదివారం నుంచి నింపే పనికి రావద్దన్నాడు. అలాగేనండి అన్నాడు ఆంజనేయులు. వాదించలేదు.

తిరుగుదారిలో భట్టిప్రోలు దగ్గర కాలవ గట్టు మీద టీ కొట్టు కనపడితే బండి ఆపమన్నాడు. సొంతూరే అయినా ఎవర్నీ పలకరించకుండా, రోడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాడు. వంశీ ఉండబట్టలేకపోయాడు. పసుపు అని చెప్పి ఉంటే సరిపోయేదిగా అన్నాడు. ఇంట్లో ఆడవాళ్లు తెలియక చేశారంటే మాస్టారు అర్థం చేసుకునేవాడు. నవ్వుకుని, డమ్మీలు క్లబ్బులోనే పెట్టమని వదిలేసేవాడు. ఇప్పుడు మీ పని పోయింది, పేరు పోయింది, దేనికిదంతా అని అడిగాడు.

“నవ్వుకుంటారు. అదేగా,” అన్నాడు ఆంజనేయులు. “ఆ నవ్వు పాసింజరు బండి కంటే ముందు తెనాలి వస్తది. మీ పిన్ని చెవిన పడుద్ది.”

“పడితే?”

ఆయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కాలవలోకి చూశాడు. వేలు తెగిన రోజు నుంచి ఆవిడ సరిగ్గా నిద్రపోలేదట. లైటు వేసి ఆయన చేతులు లెక్క చూసుకునేదట, పిచ్చిదానిలా. డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా పనిచెయ్యలేదు. దసరా రోజు ప్రతి ముక్కకీ బొట్టు పెట్టుకున్నాక ఆ రాత్రి పడుకుంది. అప్పటినుంచీ పడుకుంటోంది. ఇంక దేనికీ భయం లేదండీ, అన్నిటికీ పెట్టానుగా అందట.

“ఆ బొట్టు వల్లే నీ కన్ను పోయేదని దానికి ఎట్టా చెప్పమంటావురా?”

పోయేది నా కన్నే కదా అనాలనుకున్నాడు వంశీ. అది నిజం కూడా. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. నిన్న గదిలో అన్న మాటలకు ఈయన ఇంతవరకు క్షమించమని అడగలేదు, అడిగే మనిషీ కాదు. కానీ ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. టీ చల్లారిపోయి మీగడ కట్టింది.

ఆంజనేయులే మళ్లీ మొదలుపెట్టాడు. ఆదివారం ఇంట్లో ఉంటే ఎందుకు వెళ్లలేదని ఆవిడ అడుగుతుంది. లోకంలో ఎవరికైనా అబద్ధం చెప్పగలడు గానీ ఆవిడ ముఖం చూసి చెప్పలేడు. ఇదంతా వంశీకి కాకుండా గ్లాసుకి చెబుతున్నట్టు చెప్పాడు.

“నువ్వు చెరుకుపల్లి నుంచి అటు తిరిగి రావాలంటే దూరమే, నాకు తెలుసు,” అన్నాడు. “ఆదివారం పొద్దున్నే మా ఇంటికి రా. గడప దగ్గర నిలబడి, మీ పిన్నికి వినపడేట్టు ‘బాబాయ్, బాపట్లకి టైమైపోతోంది’ అని పిలువు. నేనొచ్చి బండెక్కుతా. తర్వాత నన్ను ఎక్కడ దింపేసినా పర్లేదు.”